పడగొట్టేవాళ్ళూ, నిలబెట్టేవాళ్ళూ

మా మేనల్లుడికి ఉద్యోగంలో ప్రమోషనొచ్చింది. "అత్తా, నువ్వూ అమ్మా విశాఖపట్నం రండి. పార్టీ ఇస్తాను" అని ఫోను చేశాడు. పార్టీ అంటే మహా అయితే మంచి హోటల్లో భోజనం, ఆపైన బీచిలో కాల్చిన మొక్కజొన్న పొత్తు అనుకున్నాం మేము. నౌపడలో పొద్దున్నే రైలెక్కి, నేనూ మా వదినా జంతికల డబ్బాతో సహా దిగాం. తీరా సాయంత్రం వాడు మమ్మల్ని తీసుకెళ్ళింది ఊరి నడిబొడ్డున కొత్తగా తెరిచిన బౌలింగ్ హాలుకి.

గుమ్మంలో ఇంకా అరటిబోదెలు వాడలేదు. బంతిపూల తోరణం కూడా అలాగే ఉంది. లోపల మాత్రం పట్టపగలే చీకటి చేసి, నీలం దీపాలు పెట్టారు. ఎడమ చేతి వైపు నున్నగా మెరిసే చెక్క బాటలు, వాటి చివర తెల్లటి పిన్నులు. కుడి చేతి వైపు అద్దాల బీరువాల్లో సీసాలు, ఎత్తు పీటలు, వాటి మీద కుర్రాళ్ళు. అంటే ఆటా, బారూ ఒకే కప్పు కింద అన్నమాట. మా వదిన ఆ కుడివైపుకి ఒక్కసారి చూసి, మళ్ళీ అటు తల తిప్పలేదు.

ముందు చెప్పులు విప్పమన్నారు. వాళ్ళ బూట్లే వేసుకోవాలిట. "ఏటే అమ్మాయ్, ఎవరెవరో తొడిగిన బూట్లు మనం తొడగడమేటి?" అని మా వదిన బుగ్గలు నొక్కుకుంది. కొత్త మేజోళ్ళిచ్చారులెండి. నేత చీరా, కాళ్ళకి ఎర్రా నీలం బూట్లూ... అద్దంలో చూసుకుంటే నాకే నవ్వాగలేదు. మూడు బొక్కలున్న బంతి చేతికిచ్చారు. రుబ్బురోలు పొత్రం గుర్తొచ్చింది. అన్నిటికంటే పెద్ద బంతి ఏడుంబావు కిలోల దాకా ఉంటుందిట. నాకిచ్చింది అందులో సగం బరువున్నదే. అరవై అడుగుల దూరంలో త్రికోణంగా పది పిన్నులు నిలబెట్టి ఉంటాయి. బంతి దొర్లించి వాటిని పడగొట్టాలి. నా మొదటి బంతి సగం దూరం బుద్ధిగానే వెళ్ళి, అలిగినట్టు పక్క కాలవలో పడిపోయింది. రెండోదానికి మూడు పిన్నులు పడ్డాయి. మా మేనల్లుడు చప్పట్లు కొట్టాడు.

అప్పుడు చూశానొక చిత్రం. పైనించి తెరలాంటిదేదో దిగింది. పడ్డవాటిని ఒక కడ్డీ ఊడ్చేసింది. తెర లేచేసరికి పదికి పది పిన్నులూ పెళ్ళి పీటల ముందు ముత్తైదువుల్లా వరసగా నిలబడున్నాయి.

"ఎవర్రా అవన్నీ మళ్ళీ నిలబెడుతున్నది?" అన్నాను.

"ఎవరూ లేరత్తా. మెషీను" అన్నాడు వాడు, ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు.

ప్రశ్నే. ఆ రాత్రి నాకు నిద్రపట్టనీయకుండా చేసిన ప్రశ్న అదే. మెషీను రాకముందు ఎవరు నిలబెట్టారు?

మీలో పల్లెటూళ్ళో పెరిగినవాళ్ళకి ఏడు పెంకులాట గుర్తుండే ఉంటుంది. పగిలిన కుండ పెంకులో, ఇంటి కప్పు పెంకులో ఏడు ఏరుకొచ్చి ఒకదాని మీద ఒకటి పేరుస్తాం. గుడ్డలు చుట్టిన బంతితో ఒక జట్టు వాటిని పడగొట్టాలి. పడగొట్టగానే ఆట అయిపోదు. అసలాట అప్పుడే మొదలు. అవతలి జట్టు బంతి పెట్టి వీపు మీద కొడుతూంటే తప్పించుకుంటూ, పడగొట్టినవాళ్ళే ఏడు పెంకులూ మళ్ళీ పేర్చాలి. పేరిస్తేనే గెలుపు. ఆడా మగా అందరం ఆడేవాళ్ళం. పరికిణీ ఎగ్గట్టి పెంకులు పేర్చడంలో మా వీధిలో ఆడపిల్లలదే పైచెయ్యి.

మరి ఈ ఇంగ్లీషు ఆటలో పేర్చే పని లేదేమిటి? పడగొట్టడానికి మార్కులున్నాయి, నిలబెట్టడానికి లేవేమిటి? ఆ ధ్యాసలో పడి, ఇంటికొచ్చాక దొరికినదల్లా చదివాను. కథ చాలా దూరం వెళ్ళింది, చివరికి తిరిగి మా ఊరే చేరింది. ఓపిగ్గా వినండి.

ఈ ఆటకి అందరూ చెప్పే ముత్తాత ఈజిప్టులో ఉన్నాడు. 1895 ప్రాంతంలో ఫ్లిండర్స్ పెట్రీ అనే ఆంగ్లేయ పురాతత్త్వవేత్త నఖాదా అనే చోట పాత సమాధులు తవ్వించాడు. (పేరు చూస్తే మా నౌపడకి దూరపు చుట్టంలా లేదూ?) అయిదువేల ఏళ్ళ కిందట పోయిన ఒక పసివాడి సమాధిలో రాతి గోళీలూ, చిన్న చిన్న కూజాల్లాంటి రాతి బొమ్మలూ దొరికాయి. గోళీ దొర్లించి కూజాలు పడగొట్టే ఆటే అయివుంటుందని ఆయన ఊహ. ఆడుకుంటాడని వాటిని పక్కన పెట్టి పూడ్చిందెవరో చెప్పనక్కర్లేదు. తల్లి మనసు ఏ దేశంలోనైనా ఒకటే.

తరవాతి మజిలీ జర్మనీ. అక్కడ మధ్యయుగాల్లో కొయ్యదుంగని నిలబెట్టి, అదే పాపం అనుకుని, దాన్ని పడగొడితే పుణ్యం వచ్చినట్టు భావించేవారంటారు. పుణ్యం సంగతెలా ఉన్నా తొమ్మిది పిన్నుల ఆట ఊరూరా పాకింది. దాని పక్కనే బీరు పీపా కూడా చేరింది. ఇంగ్లండులో ఎనిమిదో హెన్రీ రాజు 1541లో ఒక చట్టం చేశాడు. కూలీలూ, పనివాళ్ళూ, నౌకర్లూ క్రిస్మస్ రోజుల్లో తప్ప ఈ బంతాటలు ఆడకూడదు. ఆస్తిపరులు మాత్రం లైసెన్సు తీసుకుని తమ తోటల్లో ఆడుకోవచ్చు. లేనివాడు ఆడితే వ్యసనం, ఉన్నవాడు ఆడితే వినోదం. ఈ సూత్రం మనకి కొత్తేం కాదు.

జర్మన్లు అమెరికాకి వలస వెళుతూ బీరునీ, పిన్నుల్నీ కూడా ఓడెక్కించుకుపోయారు. అక్కడ సెలూన్లని ఉండేవి. మన సెలూన్లు కావు, జుట్టు సంగతి కాదు. సారా దుకాణాలు. వాటి వెనకాలో, నేలమాళిగలోనో ఒకటి రెండు చెక్క బాటలు వేసేవారు. ఆటకొచ్చినవాడు తాగుతాడు, తాగినవాడు పందెం కాస్తాడు, పందెం ఓడినవాడు మళ్ళీ తాగుతాడు. వ్యాపారానికి ఇంతకన్న ఏం కావాలి? పందేలు మితిమీరిపోయాయని 1841లో కనెక్టికట్ రాష్ట్రం తొమ్మిది పిన్నుల బాటల్ని నిషేధించింది. చట్టంలో తొమ్మిదని ఉంది కదా, అందుకని దుకాణదార్లు పదో పిన్ను నిలబెట్టి దర్జాగా ఆడించారని కథ చెప్తారు. పది పిన్నుల ఆట అంతకుముందే ఉండేదని చరిత్రకారులంటారు గాని, కథ మాత్రం అందరికీ నచ్చింది. నిషేధం ఎక్కడుంటే అక్కడ పదో పిన్ను దొరుకుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

ఇంతకీ నా ప్రశ్నకి జవాబు. పిన్నులు నిలబెట్టింది పిల్లలు. పది పన్నెండేళ్ళ కుర్రాళ్ళు. బాట చివర ఒక గుంటలో కూచుని ఉండేవారు. బంతి వచ్చి పిన్నులు చెల్లాచెదురు చెయ్యగానే కాలు పైకి ముడుచుకుని తప్పుకోవాలి. వెంటనే దూకి, బంతి వెనక్కి దొర్లించి, పిన్నులన్నీ ఏరి మళ్ళీ నిలబెట్టాలి. తాగినవాడు పిల్లాడు లేచేదాకా ఆగుతాడన్న నమ్మకం లేదు. లూయిస్ హైన్ అనే ఫొటోగ్రాఫరు బాలకార్మికుల బొమ్మలు తీస్తూ దేశమంతా తిరిగాడు. 1909లో న్యూజెర్సీ రాష్ట్రం ట్రెంటన్ ఊళ్ళో ఒక బౌలింగ్ హాల్లో ఆయన తీసిన ఫొటో నేను చాలాసేపు చూస్తూ కూచున్నాను. రాత్రి బాగా పొద్దుపోయింది. ఆ పిల్లలు అర్ధరాత్రి దాటేదాకా పనిచేసేవారుట. ముందు ఆడేవాళ్ళు, వాళ్ళ వెనక చీకటిగుంటల్లో పిల్లలు. ఇళ్ళలో వాళ్ళకోసం తలుపు తీసి కూచున్న తల్లులు ఫొటోలో లేరు. ఉన్నారని మనకి తెలుసు.

ఆ తల్లులు ఊరికే కూచోలేదు. 1873, 74 చలికాలంలో ఒహాయో రాష్ట్రంలో ఆడవాళ్ళు గుంపులు గుంపులుగా వెళ్ళి సారా దుకాణాల గుమ్మాల ముందు మోకరిల్లి ప్రార్థనలు చేశారు. కొన్నిచోట్ల మంచులోనే. దుకాణదార్లు కొందరు సిగ్గుపడి పీపాలు వీధిలో పారబోశారు. 1874లో ఆ ఆడవాళ్ళే మద్యపానానికి వ్యతిరేకంగా ఒక పెద్ద సంఘం పెట్టుకున్నారు. చివరికి 1920లో దేశమంతటా నిషేధం వచ్చింది. పదమూడేళ్ళుంది. దొంగసారా, ముఠాలు, తుపాకులు, అన్నీ దాంతోపాటే వచ్చాయి. 1933లో ఎత్తేశారు. పదో పిన్ను!

అయితే ఆ గందరగోళంలో ఒక మేలు జరిగింది. సారా దుకాణాలు మూతపడటంతో బౌలింగ్ ఆట వాటి చెర నుంచి బయటపడి, విడి హాళ్ళలో సొంతంగా బతకడం నేర్చుకుంది. ఆడవాళ్ళకి అటువైపు వెళ్ళే దారి మరికాస్త సులువైంది. అంతకు కొంచెం ముందే, 1916లో, సెయింట్ లూయిస్ నగరంలో 40 మంది ఆడవాళ్ళు కూడి తమకంటూ ఒక బౌలింగ్ సంఘం పెట్టుకున్నారు. ఎందుకంటే 1895లో న్యూయార్కులో పుట్టిన జాతీయ సంఘం మగవాళ్ళది. ఇక పిన్నులు నిలబెట్టే యంత్రాన్ని 1946లో జనానికి చూపించారు, 1950లలో హాళ్ళన్నిటికీ చేరింది. అప్పటికి గాని పిల్లలు ఆ గుంటల్లోంచి బయటికి రాలేదు. మిల్వాకీ నగరంలో 1908 నాటి ఒక సారా దుకాణం నేలమాళిగలోనైతే, యంత్రాలొచ్చిన దశాబ్దాల తరవాత కూడా పిల్లలే పిన్నులు నిలబెట్టారు.

ఇప్పుడు మా ఊరొస్తున్నాను. రైల్లో మద్రాసు నుంచి హౌరా వెళ్ళేవాళ్ళకి టెక్కలి, పలాస దాపున నౌపడ జంక్షను తెలిసే ఉంటుంది. 1900లో పర్లాకిమిడి రాజావారు తన ఊరి దాకా చిన్న రైలు వేయించుకున్నది ఇక్కణ్ణించే. ఆ బుల్లి రైలు పోయి, ఆ దారిలో పెద్ద పట్టాలొచ్చాయి. రైలు కన్నా పాతది మా ఉప్పు. స్టేషను దాటగానే కనుచూపు మేర ఉప్పు మడులే. సముద్రపు పాయనీళ్ళు మడులకెక్కించి, ఎండకి ఇగర్చి, తెల్లగా పూసిన ఉప్పుని మగవాళ్ళు గుంజుతారు. ఆడవాళ్ళు గంపలకెత్తుకుని గట్ల మీద రాశులు పోస్తారు. ఎండ, నేలమీది తెలుపు, రెండూ కళ్ళలో కొడుతూంటాయి. అరికాళ్ళు పగిలి, ఆ పగుళ్ళలోకి ఉప్పు దిగుతుంది. "ఉప్పు తిన్నవాడికి విశ్వాసం ఉండాలంటారు గాని, ఉప్పు మోసినవాళ్ళ సంగతి ఎవడూ అనడు" అనేది మా నాయనమ్మ.

కుంపిణీ పోయి దొరతనం వచ్చాక మద్రాసు రాజధానిలో ఒక శాఖ ఉండేది. దాని పేరు చిత్రంగా ఉంటుంది: ఉప్పు, ఆబ్కారీ శాఖ. ఉప్పుకీ సారాకీ ఒకే ఆఫీసు! 1886లో ఆబ్కారీ చట్టం చేశారు, 1889లో ఉప్పు చట్టం చేశారు. ఇంటి వెనకాల సముద్రం దానంతటదే పూయించిన ఉప్పుని పిడికెడు ఎత్తుకుంటే నేరం. దుకాణంలో సారా ఎంత తాగినా నేరం కాదు, పైగా సర్కారుకి లాభం. కల్లు దుకాణాల వేలంపాటలు, తాటిచెట్లకి పన్ను, ఉప్పు బస్తాకి పన్ను, అన్నీ ఆ శాఖ దస్త్రాల్లోనే. ఉప్పు కొనేది ఇల్లాలు, పన్ను కట్టేదీ ఇల్లాలే. సారా కొనేది ఆయన. దాని పన్ను కూడా చివరికి ఆవిడ గంజిలోంచే వెళ్ళింది. ఆ లెక్కలు రాసిన గుమాస్తాలకి ఈ సంగతి తట్టిందో లేదో గాని, మడుల్లో గంప మోసినవాళ్ళకి తెలుసు. కూలి డబ్బులు చేతిలో పడ్డ సాయంత్రం, మడి గట్టుకీ ఇంటికీ మధ్య కల్లుపాక ఉండేది. మా నాయనమ్మ చిన్నప్పుడు, డబ్బు పాక దాటకముందే అందుకోవాలని ఆడవాళ్ళు పరుగున వెళ్ళి దారిలో నిలబడేవారుట.

ఈ ఉప్పూ సారా ముడి గాంధీగారికి బాగా తెలుసు. 1930 ఏప్రిల్ 6న దండిలో ఉప్పు తీశాడాయన. ఆయనతో నడిచినవాళ్ళలో ఆడవాళ్ళు లేరు. మేమూ వస్తామని అడిగారు. ఆ ఏప్రిల్లోనే ఆయన ఆడవాళ్ళనుద్దేశించి రాస్తూ, ఉప్పు కన్నా కష్టమైన పని మీకిస్తున్నాను, సారా దుకాణాల ముందూ విదేశీ బట్టల దుకాణాల ముందూ మీరు పికెటింగు చెయ్యండి అన్నారు. వాళ్ళేం చేశారంటే, ఆ పనీ చేశారు, ఉప్పూ తీశారు. పని పంచుకుందామంటే రెండు వాటాలూ మోయడం మనవాళ్ళకి అలవాటే కదా.

1937లో రాజాజీ మద్రాసు ప్రధాని అయ్యాక అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టారు. మరుసటి ఏడు మన చిత్తూరు, కడప జిల్లాలకి తెచ్చారు. ఖజానాలో ఆబ్కారీ డబ్బుకి గండి పడింది. ఆ లోటు పూడ్చడానికి 1939లో అమ్మకం పన్ను పెట్టారు. అంటే మనం కొనే ప్రతి వస్తువు మీదా పన్ను కట్టడం అక్కడ మొదలైందన్నమాట. తరవాత యుద్ధకాలంలో సారా తిరిగొచ్చింది. అమ్మకం పన్ను మాత్రం వెళ్ళలేదు. 1947లో ఉప్పు పన్ను పోయింది. 1948 అక్టోబరు 2న రాష్ట్రమంతటా నిషేధం వచ్చింది, మా నౌపడకి కూడా.

అప్పుడూ పదో పిన్ను దొరికింది. డాక్టరు చీటీ ఉన్నవాడికి పర్మిటు. లేనివాడికి పొదల్లో నాటుసారా. అవతల కల్లుగీత మీదే బతికేవాళ్ళ పొయ్యి ఆరిపోయింది. వాళ్ళకీ భార్యాపిల్లలున్నారు, అదీ నిజమే. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడగానే ఈ తగువు దాని నెత్తికెక్కింది. నిషేధం ఎత్తెయ్యమని రామమూర్తి కమిటీ చెప్పింది. ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఎత్తలేదు. 1954 నవంబరులో శాసనసభలో ఆ గొడవ మీద అవిశ్వాస తీర్మానం వచ్చింది. ఒకే ఒక్క ఓటు తేడాతో మన రాష్ట్రపు మొట్టమొదటి మంత్రివర్గం పడిపోయింది. తుపాకీకి గుండె చూపించిన ఆంధ్రకేసరిని పడగొట్టింది సీసా అన్నమాట. 1960ల చివరికల్లా నిషేధమూ సడలిపోయింది.

నా చిన్నతనానికి సారా ప్యాకెట్లలోకొచ్చింది. వారుణివాహిని అని పేరు కూడా ముద్దుగా పెట్టారు. పాలు ప్యాకెట్లలో రాకముందే మా వీధికి సారా ప్యాకెట్లలో వచ్చింది. ఇంటిముందు ఊడిస్తే చీపురుకి ప్లాస్టిక్కు తునకలే.

ఆ తరవాతది మీకందరికీ తెలిసిన కథే. అయినా చెప్పకుండా దాటలేను. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. రాత్రిబడిలో కూచున్న కూలి ఆడవాళ్ళకి ఇచ్చిన వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది. సీతమ్మ ఊళ్ళో ఆడవాళ్ళని కూడగట్టి సారా కొట్టు మూయించింది. చదువు నేర్పడానికి రాసిన పాఠాన్ని దూబగుంట ఆడవాళ్ళు చెయ్యడానికి రాసిన పాఠమనుకున్నారు. 1992లో రోశమ్మ మొదలైనవాళ్ళు ముందు నిలబడి ఊళ్ళో సారా రానీయలేదు. ఊరి నుంచి ఊరికి, జిల్లా నుంచి జిల్లాకి మంటలా పాకింది. కారం పొడీ, చీపుళ్ళూ పట్టుకుని సారా పాటలు ఆపించారు. 1993 ఏప్రిల్లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1994 చివర ఎన్నికల్లో గెలిచి రామారావుగారు ముఖ్యమంత్రి కాగానే సంపూర్ణ మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. 1995 జనవరి 16 నుంచి చట్టం అమల్లోకొచ్చింది. పక్కనే ఒరిస్సా సరిహద్దున్న మా వైపు పదో పిన్ను కోసం ఎక్కువ దూరం వెళ్ళనక్కర్లేదు. 1997 ఏప్రిల్లో నిషేధం సడలించారు. 2019 అక్టోబరులో దుకాణాలు సర్కారువారే నడపడం మొదలుపెట్టారు, 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటువాళ్ళకిచ్చారు. పిన్నులు అవే, బంతి విసిరే చెయ్యి మారుతూంటుంది.

1997 అంటే నాకు చట్టం కన్నా మా అన్నయ్య పెళ్ళి గుర్తొస్తుంది. ఆ వేసవిలోనే చేశాం. నిషేధం ఉన్న రెండేళ్ళూ బుద్ధిమంతుడని పేరు తెచ్చుకున్నాడు. ఆ పేరు చూసే పిల్లనిచ్చారు. ఇంతకన్న వివరం రాయను. పదేళ్ళు తిరిగేసరికి మా వదిన ముప్పయ్యో పడి దాటీ దాటకుండా, ఎనిమిదేళ్ళ కొడుకుతో, అప్పుల కాగితాలతో మిగిలింది. జీడిపప్పు ఒలిపించి బస్తీకి పంపే చోట లెక్కలు రాసింది. రాత్రుళ్ళు జాకెట్లు కుట్టింది. ఒకొక్క పెంకూ ఏరి పేర్చింది. అవతల అప్పులవాళ్ళు బంతి పెట్టి వీపు మీద కొడుతూనే ఉన్నారు. పేర్చింది. వాడు చదివాడు, ఉద్యోగం తెచ్చుకున్నాడు, ప్రమోషనొచ్చిందని తల్లినీ నన్నూ ఆ నీలం దీపాల హాలుకి తీసుకొచ్చాడు.

హాలుని తిట్టడానికి ఇదంతా రాయలేదు. నిజం చెప్పొద్దూ, నాకు ఆట నచ్చింది. పక్క బాటలో నలుగురు ఆఫీసు ఆడపిల్లలు కేరింతలు కొడుతూ ఆడుతున్నారు. ఇంకో పక్క ఒక మామ్మగారు మనవడితో ఆడుతోంది. మా టెక్కలిలో, పలాసలో సాయంకాలం ఆడవాళ్ళు కూచుని నవ్వుకోవడానికి గుడి అరుగు తప్ప ఏముంది? మగవాళ్ళకి ఎప్పుడూ పాక ఉంది, క్లబ్బు ఉంది, పేకాట ఉంది. మనం ఆడే చోటొకటి తెరిస్తే సంతోషమే. ఆ చోటుకి కుడివైపు ఆ బీరువాలు లేకుండా తెరవడం ఎవరికీ ఎందుకు చేతకాదో మాత్రం నాకు అర్థం కాలేదు. అమెరికావాళ్ళ ఆట ఒకప్పుడు ఆ రెండిట్నీ విడదీసుకుని బతికింది మరి.

ఒక్క సంగతి మొదట్లో చెప్పకుండా దాచాను. ఆట మధ్యలో మా మేనల్లుడు నా దగ్గరికి జరిగి, "అత్తా, ఫ్రెండ్సందరూ అటున్నారు. ఒక్క బీరు తాగితే అమ్మ ఏమంటుందంటావు?" అని నెమ్మదిగా అడిగాడు.

"నన్నడుగుతావేం? అమ్మనే అడుగు" అన్నాను.

వాడు తల్లి వైపు చూశాడు. మా వదిన అప్పుడే బంతి పట్టుకుని లేచింది. కుచ్చిళ్ళు కొంచెం ఎత్తి దోపి, రెండు చేతులా బంతిని నేల మీద పెట్టి, ఉప్పు గంప నెట్టినట్టు ముందుకి నెట్టింది. అది నత్తలా దొర్లుకుంటూ వెళ్ళింది. మేము ఊపిరి బిగపట్టాం. ఒకటి పడింది, దాని మీద ఇంకోటి, ఇంకోటి... తొమ్మిది పడ్డాయి. ఒక్కటి మాత్రం తూలి, అటూ ఇటూ ఊగి, నిలబడిపోయింది.

"అమ్మా, ఇంకో బంతుంది! ఆ ఒక్కటీ కూడా కొట్టెయ్!" అని వాడు అరిచాడు.

మా వదిన వచ్చి కుర్చీలో కూచుని, బూటు తాళ్ళు విప్పుకోవడం మొదలుపెట్టింది.

"ఉండనీరా బాబూ" అంది. "అంత దెబ్బకీ ఒక్కటైనా నిలబడింది. దాన్ని పడగొట్టడం నా వల్లకాదు."

వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత కుడివైపుకి వెళ్ళాడు. నా గుండె ఝల్లుమంది. అయిదు నిమిషాలకి మూడు నిమ్మకాయ సోడాలు పట్టుకుని తిరిగొచ్చాడు. మా వదిన తన గ్లాసందుకుని, ఒక గుక్క తాగి, "ఉప్పు సరిపోలేదురా" అంది.